విప్పాల్సిన వంటిల్లు

విజయవాడ గవర్నర్‌పేటలోనో సత్యనారాయణపురంలోనో అరవై డెబ్బయ్యేళ్ల నాటి ఇంటిని బాగుచేయించుకోవాలనుకునేవాళ్లు ముందుగా చెయ్యి వేసేది వంటింటి మీదే. కారణాలు అందరికీ తెలిసినవే. పొగచూరిన గోడలు, కింద కూర్చుని వండిన రోజుల నాటి పొయ్యి, ఇప్పటి సామాన్లకు చాలని గట్టు, గాలాడని కిటికీ. ఇవేవీ లేకపోతే వంటిల్లు ఆగ్నేయ మూలలో లేదన్న వాస్తు పట్టింపు ఉండనే ఉంటుంది. కూలి ఖర్చు కలిసొస్తుందని నలుగురు స్నేహితులు ఓ ఆదివారం తలో సమ్మెటా పట్టుకుని దిగితే, సాయంత్రానికి వంటిల్లు కుప్పగా మారుతుంది, మర్నాడు ట్రాక్టరు వచ్చి ఆ కుప్పను ఎక్కడో పోసి వస్తుంది. నా వాదన దీనికి సరిగ్గా ఎదురు. కృష్ణా డెల్టాలో పాత వంటింటిని పగలగొట్టకూడదు, విప్పాలి. ఏ వరుసలో కట్టారో దానికి తిరగేసిన వరుసలో, పైనుంచి కిందికి, ఇటుకను ఇటుకగా, దూలాన్ని దూలంగా దించాలి. పాతకాలం మీద మమకారంతో అంటున్న మాట కాదిది. ఈ నేల ఎలాంటిదో, ఆ గోడలో ఉన్నది ఏమిటో చూస్తే వేరే దారి తెలివైనదిగా కనిపించదు.

ముందు నేల సంగతి. విజయవాడ దగ్గర కృష్ణ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఇరుక్కుని, అది దాటగానే విచ్చుకుంటుంది. 1852-55 మధ్య ఆనకట్ట కట్టింది ఈ ఇరుకులోనే. ఆర్థర్ కాటన్ పట్టుబట్టిన ఆ పనిని దగ్గరుండి నడిపించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. కొండ రాయి పక్కనే దొరకడం ఆ పనికి పెద్ద వెసులుబాటు అయింది. అక్కణ్నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు దాకా వెళ్తే మాత్రం తవ్విన చోట రాయి తగలదు. నది వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన ఒండ్రు, నల్లరేగడి, తీరం దగ్గరపడేకొద్దీ ఇసుక, ఉప్పు నేలలు. కంకర కావాలంటే కొండపల్లి, పరిటాల వైపు క్వారీల నుంచి లారీల్లో రావాల్సిందే. అందుకే డెల్టా మేస్త్రి రాయిని తయారుచేసుకున్నాడు. పొలంలో బంకమట్టి తీసి, బియ్యం మిల్లుల ఊకతో కాల్చి ఇటుక చేశాడు. కాంక్రీటులో కంకర చోట ఇటుక ముక్కలు కొట్టి వాడాడు. సున్నంలో కలపడానికి ఇటుకనే పొడి చేసి సుర్ఖీ అన్నాడు. అంటే ఈ ప్రాంతంలో పాత గోడంటే మనిషి ఎంతో కట్టెనూ ఊకనూ తగలేసి చేసుకున్న రాతి నిల్వ.

ఈ కొరత ఎంత బలమైనదో చరిత్రలో రెండు ఉదాహరణలు చాలు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చి ఊరు కట్టిస్తున్నప్పుడు, పక్కనే ఉన్న దిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వారు. ఆ దిబ్బే బౌద్ధ మహాస్తూపం. 1798లో సర్వేయరు కాలిన్ మెకంజీ చూసేసరికే తవ్వకం సాగుతోంది. 1816లో ఆయన తిరిగొచ్చి బొమ్మలు గీయించేనాటికి చాలా భాగం పోయింది. చెక్కిన పలకలు కొన్ని కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. పల్నాటి సున్నపురాయి కదా, కాలిస్తే మంచి సున్నం అవుతుంది. డెల్టా లోపల భట్టిప్రోలులోనూ అదే కథ. 19వ శతాబ్దంలో అక్కడి స్తూపం ఇటుకలు రోడ్ల పనికి పోయాయి, చలువరాళ్లు వెల్లటూరు దగ్గర కాలువ తూములో చేరాయి. 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు అడుగున మిగిలిన ధాతు కరండాలు బయటపడ్డాయి. వాళ్లు చేసింది తప్పే. కానీ అంత పెద్ద తప్పు చేసినవాళ్లు కూడా పనికొచ్చే ఇటుకను వృథాగా పారబోయలేదు. ఎంతో దూరం నుంచి తెచ్చిన కంకరతో కొత్త గది కట్టుకుంటూ, అదే రోజు పాత గది ఇటుకల్ని కాలువ గట్టున కుమ్మరించడం మన కాలపు ప్రత్యేకత.

ఇటుకను విప్పడం కుదురుతుందా లేదా అన్నది ఇటుక మీద కంటే దాన్ని పట్టి ఉంచిన అడుసు మీద ఆధారపడుతుంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. తీరం వెంబడి రాయికి బదులు ఆల్చిప్పలూ గుల్లలూ కాల్చి గుల్లసున్నం చేసేవారు. దాన్ని నీళ్లతో చంపి, ఇసుకా సుర్ఖీ కలిపి, ఎడ్లు తిప్పే గానుగలో రుబ్బితే డంగు సున్నం తయారు. గోడలోకి వెళ్లాక ఈ సున్నం వెనక్కి ప్రయాణం మొదలుపెడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుంటూ మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఈ మార్పు బయటి నుంచి లోపలికి జరుగుతుంది కాబట్టి మందపాటి గోడ నడిమి భాగం దశాబ్దాల తరబడి మెత్తగానే ఉండిపోవచ్చు. సుర్ఖీ పని వేరు. తక్కువ వేడిలో కాలిన మట్టిలోని సిలికా, అల్యూమినా చురుగ్గా ఉండి తడిలోనే సున్నంతో కలిసి గట్టిపడతాయి. రోమన్లు పొజ్జువోలీ అగ్నిపర్వతపు బూడిదతో సాధించింది ఇదే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో ఇప్పుడు చేసే ఇటుకల వెనకున్న రసాయనం కూడా ఇదే కుటుంబానికి చెందుతుంది. మిద్దె పైపూతలో కరక్కాయ నీళ్లు, బెల్లం పోసేవారంటే అదీ ఉత్త ఆచారం కాదు. చక్కెర సమక్షంలో సున్నం నీటిలో ఎక్కువగా కరుగుతుంది, పూత సందుల్లోకి మరింత బాగా చొరబడుతుంది.

ఇక బలం లెక్క. సున్నపు అడుసు ఓర్చుకునే ఒత్తిడి సాధారణంగా చదరపు మిల్లీమీటరుకు ఒకటి రెండు న్యూటన్ల మేర ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 ప్రకారం కాల్చిన ఇటుకల్లో అట్టడుగు తరగతి బలం 3.5 న్యూటన్లు. అంటే సున్నపు గోడలో అతుకు ఇటుక కంటే బలహీనం. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక కలిపిన అడుసు మాత్రం 7.5 న్యూటన్ల దాకా వెళ్తుంది, మన మామూలు ఇటుకను దాటిపోతుంది. మొదటి గోడను తడితే అతుకు వదులుతుంది, ఇటుక నిలుస్తుంది. రెండో గోడను తడితే ఇటుక పగిలిపోయి అతుకు మిగులుతుంది. సిమెంటు గొప్పదనం తెలిసిన మనకు ఇది సున్నం లోపంగా కనిపించవచ్చు. నల్లరేగడి మీద ఇల్లు కట్టేవాడికి మాత్రం వరం. వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే నేల గోడను ఏటా అటూ ఇటూ కదుపుతుంది. ఆ కదలికను మెత్తటి అతుకులు పంచుకుంటాయి. సన్నటి పగుళ్లలోకి తడి చేరితే కరిగిన సున్నం మళ్లీ పేరుకుని వాటిని కొంతవరకు పూడుస్తుంది కూడా. ఇంటి వయసు తెలియకపోయినా అతుకును పాత మేకుతో గీరి చూస్తే చాలు. తెల్లగానో గులాబీ ఛాయలోనో పొడి రాలితే సున్నం, బూడిదరంగులో ఉండి మేకుకు లొంగకపోతే సిమెంటు. ఏ పనిముట్టు పట్టుకోవాలో ఆ గీతే చెబుతుంది. సున్నపు గోడకు తాపీ, ఉలి, చిన్న సుత్తి సరిపోతాయి. సమ్మెట అక్కర్లేదు.

పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళాల మందం ఉన్న గోడ తీసుకుందాం. అది 75 ఘనపుటడుగులు, రెండు ఘనపు మీటర్ల పైచిలుకు. ఘనపు మీటరు ఇటుక కట్టడం 1,900 కిలోల దాకా తూగుతుంది కాబట్టి గోడ బరువు నాలుగు టన్నులు. అందులో ఇటుకలు సుమారు వెయ్యి. అలాంటి గోడలు మూడు, పైన మిద్దె కలిపితే చిన్న వంటిల్లు కూడా పదిహేను టన్నులు. ఆ వెయ్యి ఇటుకల్ని కొత్తగా చేయాలంటే మూడు టన్నుల పైచిలుకు పొలం మట్టిని తవ్వి, వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో కాల్చాలి. ఇటుకకు బదులు సిమెంటు దిమ్మెలు పెట్టినా తప్పించుకున్నట్టు కాదు. సిమెంటు బట్టీ 1,450 డిగ్రీలు అడుగుతుంది, ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు పరిశ్రమదే. పాత ఇటుకను కాల్చిన మంట ఎప్పుడో ఆరిపోయింది, దాని పొగ బాకీ అప్పుడే తీరిపోయింది. అది మళ్లీ గోడలోకి వెళ్తే కొత్తగా అయ్యే ఖర్చు దాన్ని గీరి శుభ్రం చేసే కూలి మాత్రమే.

వరుస ఎందుకు తప్పకూడదన్నది ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన శాస్త్రం. నిలబడి ఉన్న గది ఒక తూకం. అందులో ఏ ముక్క దేనివల్ల నిలిచిందో తెలియకుండా తీస్తే మిగతాది తన దారి తాను వెతుక్కుంటుంది. కిటికీ మీది సన్‌షేడ్‌నే చూడండి. దానికి కింద ఆధారం ఏదీ లేదు. గోడలో ఇరుక్కున్న లింటెల్, ఆ లింటెల్ మీద కూర్చున్న గోడ బరువు దాన్ని వెనక్కి నొక్కి పట్టుకున్నాయి. ముందుగా పై గోడ తీసేస్తే రెండడుగులు ముందుకు పొడుచుకొచ్చిన ఆ పలక కింద నిలబడినవాడి మీదికే తిరగబడుతుంది. అందుకే కింద ఊతాలు పెట్టి సన్‌షేడ్‌ను మొదట తీయాలి, దాని మీది గోడను తర్వాత. అటకదీ అదే ధోరణి. గోడలో కన్నం పెడితే పైన గోడ వెంటనే కూలకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇటుకలు తమలో తామే కమానుగా సర్దుకుంటాయి. కన్నం మీద అరవై డిగ్రీల త్రిభుజంలో ఉన్న బరువు మాత్రమే కిందికి దిగుతుంది, మిగతాది పక్కలకు మళ్లుతుంది. మూడడుగుల తలుపుకు ఆ త్రిభుజం ఎత్తు రెండున్నర అడుగుల పైచిలుకు, కాబట్టి మామూలు లింటెల్‌తో పని జరిగిపోతుంది. వంటిల్లూ హాలూ కలిపేద్దామని ఎనిమిది తొమ్మిదడుగులు తెరిస్తే అదే లెక్కకు ఏడెనిమిది అడుగుల ఎత్తు గోడ పైన ఉండాలి. ఉండదు. కమాను ఏర్పడే చోటే లేదు, పైకప్పు బరువంతా కొత్త దూలం మీదే పడుతుంది. చిన్న కన్నం పెట్టినప్పుడు ఏమీ కాలేదన్న ధైర్యంతో పెద్ద కన్నం పెట్టడం ప్రమాదం కావడానికి మూలం ఈ జ్యామితే.

మద్రాసు టెర్రస్ మిద్దె ఉన్న వంటిళ్లు మరీ జాగ్రత్త అడుగుతాయి. అడుగున్నరకొకటి చొప్పున టేకు దూలాలు, వాటి మీద నిలువుగా ఐమూలగా పేర్చిన పలచటి ఇటుకలు, ఆ పైన సున్నంతో కలిపి దిమ్మిసా కొట్టిన ఇటుక ముక్కల కాంక్రీటు, దాని మీద పూతలు. కారినప్పుడల్లా పాత పూత తీయకుండా కొత్త పూత వేస్తూ పోయి ఉంటారు. ఎనిమిది అంగుళాల మందం చేరిన చోట చదరపు మీటరుకు సుమారు 360 కిలోలు, పదడుగుల గదికి మూడు టన్నుల పైమాటే. ఇంత బరువు మోస్తున్న దూలాల్లో వంటింటి దూలాలకే చావు ముందొస్తుంది. గోడలో దూరిన కొసలకు గాలి తగలదు, ఆవిరి తగులుతుంది, చెద పట్టినా బయటికి కనపడదు. నడిమి చెక్క ఇనుములా ఉండి కొస పిండి అయిపోయిన దూలాలు సాధారణం. అలాంటి మిద్దె మీద నడిమధ్యన నిలబడి గునపంతో పొడవడం నిలుచున్న కొమ్మను నరుక్కోవడమే. పైపూత ముందు, కాంక్రీటు తర్వాత, ఇటుకలు ఒక కొస నుంచి వరుసగా, దూలాలు చివర్న దిగాలి. మనుషులు నిలబడేది దూలాలకు అడ్డంగా వేసిన పలకల మీదే, మిద్దె మీద కాదు. తీసిన పెళ్లల్ని మిద్దె మీదే పోగేయడం మానాలి, పోగు బరువు కూడా ఆ కుళ్లిన కొసల మీదే పడుతుంది. ఇలా దించిన దూలంలో చెడిన అడుగు కోసేస్తే మిగిలిన టేకు కొత్త గుమ్మాలకు వస్తుంది. పాత కలపకు కొనుగోలుదారులు ఉన్నది ఊరికే కాదు.

తర్వాతి తరం వంటిళ్లు కాంక్రీటు శ్లాబువి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టాక తాటాకు, పెంకు వదిలి శ్లాబుకు మళ్లడం తీరంలో ప్రాణరక్షణ కిందే లెక్క. ఈ శ్లాబుల్ని విప్పడం కుదరదు, కోయాలి. అయినా వాటిలో ఏం జరిగిందో తెలియాలి. కొత్త కాంక్రీటు గట్టి క్షారం, దాని పీహెచ్ 12.5 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఇనుముకు పల్చటి రక్షణ పొర ఏర్పడి తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చొరబడేకొద్దీ పీహెచ్ తొమ్మిది కిందికి పడిపోతుంది, రక్షణ పొర పోతుంది. సున్నానికి ప్రాణం పోసిన వాయువే ఇక్కడ ఇనుముకు శత్రువు. స్టవ్ మంట ఆ వాయువునే వదులుతుంది, ఉడికే అన్నం తేమను ఇస్తుంది. అందుకే ఇంట్లో పెచ్చులూడడం తరచుగా వంటింటి కప్పుకే మొదలవుతుంది. తీర గ్రామాల్లో ఉప్పు ఇంకో చెయ్యి వేస్తుంది. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది, ఆ ఒత్తిడికే పెచ్చు ఊడుతుంది. ఇలాంటి శ్లాబు కింద గోడను సమ్మెటతో బాదితే అదిరింపుకే పెద్ద పెచ్చులు రాలతాయి. అపార్టుమెంటుల్లో ఇది ఒక ఇంటి విషయం కూడా కాదు. అడ్డుగోడ బరువు మోయకపోవచ్చు, పక్కనున్న పిల్లర్ మాత్రం అన్ని అంతస్తులదీ.

పగలగొట్టడానికీ విప్పడానికీ ఉన్న తేడా ఊపిరితిత్తుల్లో కూడా తేలుతుంది. ఇటుకలో, ఇసుకలో, కాంక్రీటులో స్ఫటిక సిలికా ఉంటుంది. దాన్ని ఎంత బలంగా కొడితే అంత సన్నటి ధూళి. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. నాలుగు మైక్రాన్ల కంటే చిన్నది, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేనిది, ఊపిరితిత్తుల చిట్టచివరి గదుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. దాన్ని మింగబోయిన రక్షక కణాలు చచ్చిపోతూ మచ్చలు మిగులుస్తాయి, అదే సిలికోసిస్. 1997లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఈ ధూళిని మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ఒక్క ఆదివారంతో స్నేహితులకు సిలికోసిస్ వస్తుందని చెప్పడం అతి. ఏడాదంతా ఇదే పని చేసే కూలీకి వస్తుందనడం అతి కాదు. ముక్కుకు కట్టిన తువ్వాలు ఈ ధూళిని ఆపదు. ఎన్95 మాస్కు ఆపుతుంది, అంతకంటే ముందు నీళ్లు ఆపుతాయి. గోడను ముందురోజు తడిపి, పనిచేస్తున్నంతసేపూ చిలకరిస్తూ, అతుకుల దగ్గరే విడదీస్తే అసలు ఆ ధూళి పుట్టేదే తక్కువ.

వంటింటి గోడకు సిలికా కాక దాని సొంత చరిత్ర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో గ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం వచ్చేదాకా చాలా ఇళ్లలో కట్టెలు, పిడకలు, ఊక పొయ్యిలే దిక్కు. ఏటా పండక్కి వెల్ల వేస్తే మసి పోదు, దాని కిందికి వెళ్తుంది. అలా మసీ వెల్లా పొరలు పొరలుగా పేరుకుంటాయి. పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్లకు పెద్దయ్యాక వృషణకోశం చర్మం మీద వచ్చే కేన్సర్‌కు మసే కారణమని లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే గుర్తించాడు. ఒక వృత్తికీ కేన్సర్‌కూ సంబంధం చూపిన తొలి పరిశీలన అది. పాత తలుపులు, కిటికీల రంగు ఇంకో చిక్కు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1న మాత్రమే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఆకుపచ్చ, పసుపు ఎనామిల్‌ను పొడిగా సాండ్‌పేపర్ పెట్టి రుద్దితే సీసం గాలిలోకి వస్తుంది, పాకే పిల్లలున్న ఇంట్లో అది నేల మీద నుంచి నోట్లోకి వెళ్తుంది. పెరటి వసారా మీద ఆస్బెస్టాస్ రేకులుంటే వాటిని పగలగొట్టడం అన్నిటికంటే చెడ్డపని. రేకు నిండుగా ఉన్నంతసేపు పీచు సిమెంటులో బందీగా ఉంటుంది, విరిగితే వదులుతుంది. తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగా దించాలి.

దీనికి మొదటి అభ్యంతరం కాలం, కూలి. యంత్రం ఒక్క పూటలో తేల్చే పనికి నలుగురు మనుషులు వారం రోజులెందుకు? నిజమే, కూలి బిల్లు ఒక్కటే చూస్తే యంత్రానిదే గెలుపు. కానీ ఆ బిల్లులో పెళ్లలు తోలించే బాడుగ ఉండదు, కొత్త ఇటుకల ఖరీదు ఉండదు, అదిరి పగిలిన పక్క గది పూత ఉండదు. టేకు ఎక్కువగా ఉన్న పాత ఇళ్లను ఎదురు డబ్బిచ్చి విప్పుకుపోయేవాళ్లు ఉన్నారంటే, బాగా తెలిసినవాళ్ల లెక్క ఎటు తేలిందో అర్థమవుతుంది. ఈ వాదనకు ఒక హద్దు కూడా ఉంది. గట్టి సిమెంటుతో కట్టిన గోడలో ఇటుక కోసం కష్టపడటం దండగ, అక్కడ పగిలిన ముక్కే దక్కేది. ఇక స్నేహితుల సంగతి. వాళ్లను వద్దనడం లేదు. చెక్క అల్మారాలు, గట్టు మీది కడప బండలు, పలకలు, తలుపులు, గీరి పేర్చాల్సిన ఇటుకలు అన్నీ వాళ్ల చేతికి తగిన పనులే. బండ ఒక్కటే జాగ్రత్త. పడుకోబెట్టి మోస్తే తన బరువుకే నడుమ విరుగుతుంది, నిలువుగా పట్టుకుంటే విరగదు. గ్యాసు సిలిండరు, కరెంటు రెండూ ముందే తీసేసి ఉండాలి. మిద్దె, సన్‌షేడ్, బరువు మోసే గోడ మాత్రం అనుభవమున్న మేస్త్రివి.

పాత ఇటుకలో బలం ఉంటుందా అన్నది రెండో ప్రశ్న. ఇటుకకు వయసుతో బలం తగ్గదు, ఉప్పుతోనూ తడితోనూ తగ్గుతుంది. వంటింట్లో తొట్టి పక్క గోడ, నేలకు మూడడుగుల లోపు వరుసలు రెండిటికీ గురై ఉంటాయి. నేల తడి సన్నని రంధ్రాల గుండా పైకి పాకి, ఆరినచోట ఉప్పును వదిలిపోతుంది. ఆ ఉప్పు స్ఫటికాలు పెరుగుతూ ఇటుక ముఖాన్ని రాల్చేస్తాయి. అందుకని పై వరుసల ఇటుకల్నీ కింది వరుసల ఇటుకల్నీ కలపకుండా వేరుగా పేర్చాలి. పరీక్షలు ఇంట్లో చేసేవే. రెండిటిని తాటిస్తే ఖంగుమనాలి. ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూస్తే బరువు ఐదో వంతు కంటే ఎక్కువ పెరగకూడదు. పళ్లెంలో కాసిని నీళ్లు పోసి నిలబెట్టి ఆరనిస్తే తెల్లటి పూత లేచిందా లేదా తెలుస్తుంది. తెల్లబడినవి పునాదికీ తడి గోడకూ పనికిరావు, నేల కింద కొట్టి పరచడానికి వస్తాయి.

మూడోది బిల్లుతోనూ బలంతోనూ సంబంధం లేనిది. పాత ఇంటి సామాను కొత్త కట్టడంలో కలపకూడదని వాస్తు చెప్పేవాళ్లు ఉన్నారు. నమ్మకంతో వాదించి లాభం లేదు. అయినా ఈ నేల మీద అలవాటు వేరుగా ఉండేదనడానికి గట్టి సాక్ష్యం ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అమరావతి స్తూపపు పలక ఒకదానికి రెండు వైపులా శిల్పాలున్నాయి. ఒక వైపుది క్రీస్తుకు పూర్వపు తొలి శైలి, రెండో వైపుది మూడో శతాబ్దపు పరిణత శైలి. స్తూపాన్ని పెంచి కట్టినప్పుడు ఆ శిల్పులు పాత పలకను పారేయలేదు, తిప్పి మళ్లీ చెక్కారు. అంత పవిత్రమైన కట్టడానికి రాని దోషం ప్రహరీ గోడకు వస్తుందని అనుకోను. అప్పటికీ మనసొప్పకపోతే ఇటుకను అమ్మేయవచ్చు, అది ఇంకొకరి గోడలో ఉంటుంది.

చివరిది, ఒక్క వంటింటి పెళ్లలతో ఊరికి పోయేదేముందన్న మాట. చట్టం కూడా కొంత ఇలాగే ఆలోచించింది. 2016 మార్చిలో వచ్చిన భవన వ్యర్థాల నియమాలు రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటేవారి మీదే గట్టి బాధ్యతలు పెట్టాయి. మన పదిహేను టన్నుల వంటిల్లు ఆ వలలోంచి జారిపోతుంది. అలా జారిపోయినవన్నీ చేరేది ఖాళీ స్థలాలకూ కాలువ గట్లకూ. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి మధ్యనుంచే వెళ్తాయి, పక్కన బుడమేరు ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ వరదకు ఇటుక ముక్కలే కారణమనడం అన్యాయం, అసాధారణ వర్షం, గండ్లు, ఆక్రమణలు అన్నీ ఉన్నాయి. అయితే కాలువ లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. వెడల్పాటి కాలువలో పారే నీరు లోతుకు సమానంగా తగ్గదు, అంతకంటే వేగంగా తగ్గుతుంది. పూడిక వల్ల లోతు ఐదో వంతు తగ్గితే మోయగల నీరు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది.

విప్పిన వంటింట్లో ఇటుకలూ కలపా బండలూ పోగా మిగిలేది ఐదారు టన్నులు, అతుకుల సున్నం, మిద్దె ముక్కలు. డెల్టాలో పల్లపు స్థలం ఉన్న ప్రతివాడికీ మెరక కావాలి, దానికి ఇది మట్టి కంటే మేలు. తడికి ఉబ్బదు, నీటిని మట్టి అంతగా పైకి పీల్చదు. ఐఎస్ 383 ప్రమాణం 2016 నుంచీ శుభ్రమైన పాత కాంక్రీటు కంకరను కొత్త కాంక్రీటులో కొంత మేరకు ఒప్పుకుంటోంది, బలం అక్కర్లేని అడుగు కాంక్రీటులో నూటికి నూరు శాతం కూడా. కొందరు పాత సున్నం నల్లరేగడిని గట్టిపరుస్తుందని ఆశిస్తారు. అది జరగదు, మట్టిని మార్చేది తాజా సున్నమే, గోడలోది చాలావరకు ఎప్పుడో సున్నపురాయి అయిపోయింది. మెరకలో కలపకూడనివి ఆస్బెస్టాస్ ముక్కలు, సీసపు రంగు గీరిన పొడి, వరదలో నాని ఉబ్బిన ప్లైవుడ్. ప్లైవుడ్ కుళ్లి నేల కుంగుతుంది. మొదటి రెండూ కుళ్లవు, ఎప్పుడో మొక్క కోసం గుంట తవ్వినప్పుడు మళ్లీ పైకి వస్తాయి.